కొత్త కారు: పెయింట్ మందం నుంచి చక్రాల సైజు దాకా

కొత్త కారుకు ఫ్యాక్టరీలో వేసే పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, లక్షలు పోసి కొన్న మెరుపంతా రెండు వెంట్రుకలంత. అడుగున తుప్పు ఆపే పొర 20 మైక్రాన్ల దాకా, దాని మీద ప్రైమర్ 30-35, రంగు 15 అటూ ఇటూ, అన్నిటికీ పైన క్లియర్ కోట్ 40-50. ఎండ నుంచి రంగును కాచేది ఈ పై పొరే. మాటిమాటికీ రబ్బింగ్ పాలిష్ చేయిస్తే అరిగిపోయేదీ అదే.

కొత్తదే కదా, పెయింట్‌కేం అనుకోవద్దు. ట్రైలర్ మీద వచ్చేటప్పుడో, యార్డులో నిలిపినప్పుడో గీతలు పడొచ్చు, వాటికి మళ్లీ రంగు వేసి ఉండొచ్చు. డిటైలింగ్ షాపుల్లో మందం కొలిచే గేజ్ ఉంటుంది. బానెట్, రూఫ్, మిగతా తలుపులు 110-130 చూపిస్తూ ఒక్క తలుపు 250 చూపిస్తే, దానికి రెండోసారి రంగు పడిందనే లెక్క. 500 దాటితే లోపల పుట్టీ ఉందని అనుమానించాలి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచేయదు. అక్కడ పగటి వెలుగులో పక్క భాగంతో రంగు పోల్చి చూడటమే దారి. ఇదంతా రిజిస్ట్రేషన్‌కు ముందే జరగాలి. బండి మీ పేరున ఎక్కాక మీ మాటకు బలం తగ్గుతుంది.

పెయింట్‌ను కాపాడటానికి పైన వేయించే సెరామిక్ కోటింగ్ మందం సాధారణంగా 1-2 మైక్రాన్లు. నీళ్లు జారిపోతాయి, కడగడం తేలిక, అంతవరకే. ఎగిరొచ్చే రాయిని తట్టుకోవాలంటే 150-200 మైక్రాన్ల పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) కావాలి.

ఇక చక్రాలు. మారుతి స్విఫ్ట్‌నే తీసుకోండి. కింది వేరియంట్ టైరు 165/80 ఆర్14, పై వేరియంట్‌ది 185/65 ఆర్15. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం, చివరిది రిమ్ అంగుళాల్లో. లెక్క కడితే మొదటిదాని బయటి వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. రిమ్ అంగుళం పెరిగినా చక్రం ఎత్తు దాదాపు మారలేదు. 16 అంగుళాలకు వెళ్లాలంటే 195/55 వేస్తే 620.9 వస్తుంది, స్పీడోమీటర్ లెక్క మారదు. కానీ టైరు గోడ 120 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గుంతల రోడ్డు మీద ఆ 13 మిల్లీమీటర్ల లోటు రిమ్‌కు తెలుస్తుంది. అదే 15 అంగుళాల రిమ్‌కు, నిండుగా కనపడుతుందని 205/65 వేస్తే వ్యాసం 647.5. మీటర్ అదే అంకె చూపిస్తున్నా బండి వేగం 4 శాతం ఎక్కువ. అందం కోసం ఆ పని చేయకపోవడమే మేలు.

టైరు గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలూ చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. లోడ్ ఇండెక్స్ 88 అంటే ఒక్కో టైరు మోయగలిగేది 560 కిలోలు. కంపెనీ చెప్పినదానికి తక్కువది వేయించొద్దు.

చక్రాలు మార్పిస్తే 50-100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడమని తప్పక అడగండి.