‘లేచిపోయింది’ అనే తీర్పు

ఊళ్లో ఆడపిల్ల కనిపించకుండా పోతే మొదట పుట్టే మాట ‘లేచిపోయింది’. ఆ ఒక్క మాటతో పోలీస్ స్టేషన్‌లో వెతుకులాట మందగిస్తుంది. ఇంట్లో తల్లి నోరు మూతపడుతుంది. అమ్మాయి ఎవరిని పెళ్లాడాలో నిర్ణయించే అధికారం కులం చేతిలో ఉన్నంతకాలం ఆమె అదృశ్యం ముందు పరువు సమస్యగా, ఆ తర్వాతే ప్రాణ సమస్యగా కనిపిస్తుంది.

2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో బడికి వెళ్లిన 14 ఏళ్ల బాలిక ఇల్లు చేరలేదు. ఆమె మృతదేహం పాడుబడ్డ బావిలో దొరికింది. అంతకు ముందు నెలలో కనిపించకుండా పోయిన యువతి, 2015లో అదృశ్యమైన మరో బాలిక కూడా హత్యకు గురయ్యారని దర్యాప్తులో తేలింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ న్యాయస్థానం దోషికి మరణశిక్ష విధించింది. 2015లోనే ఆ మొదటి బాలిక జాడ తేలి ఉంటే తక్కిన ఇద్దరూ దక్కేవారు కాదా?

చట్టం లేక కాదు ఈ దుస్థితి. పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి, అపహరణ లేదా అక్రమ రవాణాగా భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో వెలువడిన లలితాకుమారి తీర్పు వెనుక ఉన్నదీ కూతురి కోసం స్టేషన్ మెట్లెక్కిన ఒక తండ్రి మొరే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు నమోదులో ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం చూపే, ఆ వర్గాలకు చెందని ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలుశిక్ష ఉంది.

అయినా కూలి కుటుంబానికి స్టేషన్‌కు వెళ్లిన ప్రతిరోజూ ఒక దినకూలి నష్టమే. వెంట పలుకుబడి గల పెద్దమనిషి లేకపోతే కాగితం ముందుకు కదలదు. మరణమైతే ఏడ్వడానికి ఒక దినం, తలచుకోవడానికి ఒక సమాధి మిగులుతాయి. అదృశ్యం ఆ పాటి ఓదార్పునూ ఇవ్వదు. ఏడేళ్లపాటు జాడ తెలియని మనిషిని మరణించినట్లు భావించవచ్చంటుంది సాక్ష్యాధార చట్టం. కన్నవారి గుండెకు అలాంటి గడువేదీ లేదు. వారు తలుపు గడియ వేయడానికీ జంకుతారు.

ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందడం ఫిర్యాదుదారు హక్కు. ఆ హక్కు తెలిసిన విద్యార్థులు, సంఘాలు మొదటి రోజే ఆ తల్లిదండ్రుల వెంట స్టేషన్‌కు నడవాలి. ఆ పిల్ల ఎవరితో వెళ్లిందన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు రాబట్టాలి.