అరుగుదల: కృత్రిమ తుంటి కీలు కథ

బండి ఇరుసును ఎంత గట్టి ఇనుముతో చేసినను, కందెన లేకున్నచో కొలది కాలములోనే అరిగిపోవును. ఒక పదార్థము విరుగకుండునా అని అడుగుట వేరు. ఒరపిడికి ఎంతకాలము నిలుచునని అడుగుట వేరు. ఈ భేదమును గమనింపకున్న, యంత్రశాలలో ఒక చక్రము పాడగును. వైద్యశాలలో ఒక రోగి రెండవసారి శస్త్రచికిత్సకు లోను కావలసివచ్చును. కృత్రిమ తుంటి కీలు చరిత్ర ఈ విషయమును స్పష్టముగా బోధించును.

మన తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రముగానుండి, కటి ఎముకయందలి గిన్నెవంటి గుంటలో తిరుగుచుండును. రెండింటి మీదను నున్నని మృదులాస్థి పొర కలదు. నడుమ జిగురు ద్రవము కందెనవలె పనిచేయును. నడచునపుడు ఈ కీలుపై పడు భారము శరీరపు బరువునకు సుమారు మూడురెట్లు. అనగా 60 కిలోల మనిషి అడుగు వేసినప్పుడెల్ల ఆ కీలు ఇంచుమించు 180 కిలోల భారమును మోయవలెను. ఇట్లు ఏడాదికి సుమారు 10 లక్షల పర్యాయములు జరుగును. మృదులాస్థి అరిగి ఎముకకు ఎముక ఒరసుకొన్నచో, నడకయే కాదు, నిద్రయు కరవగును.

ఇంగ్లండులోని లాంకషైరు ప్రాంతమున, రైటింగ్టన్ ఆసుపత్రియందు జాన్ చార్న్లీ అను శస్త్రవైద్యుడు 1950 దశాబ్ది చివర ఈ బాధకు ఒక ఉపాయము యోచించెను. అరిగిన బంతికి బదులు లోహపు బంతిని, గుంటలో జారుడుగానుండు ప్లాస్టిక్ గిన్నెను అమర్చుటయే ఆ ఉపాయము. బంతి ఎంత చిన్నదైన, ఒరపిడి గిన్నెను పట్టి త్రిప్పు బలము అంత తగ్గును. కావున అతడు చివరకు 22 మిల్లీమీటర్ల బంతిని ఎన్నుకొనెను. దంతవైద్యులు వాడుచుండిన ఆక్రిలిక్ పదార్థమును సిమెంటుగా వాడి, భాగములను ఎముకలో కదలకుండ నిలిపెను.

గిన్నెకు అతడు మొదట ఎన్నుకొన్నది టెఫ్లాన్. ఘన పదార్థములలో అంతటి జారుడుగలది అరుదు. రోగులు నొప్పి లేక నడువసాగిరి. కాని రెండు మూడేండ్లలోనే లోహపు బంతి ఆ మెత్తని గిన్నెను తొలుచుకొనిపోయెను. రాలిన పొడి చుట్టునున్న కండను వాపునకు గురిచేసెను. అప్పటికి సుమారు 300 మందికి ఆ గిన్నెలు అమర్చబడియుండెను. వారిలో అనేకులకు మరల శస్త్రచికిత్స తప్పలేదు. గాజుపొడి వంటి వానితో గట్టిపరచిన టెఫ్లాన్ రకము ప్రయోగశాలలో చక్కగా నిలిచినను, శరీరములో అదియు విఫలమయ్యెను. తక్కువ ఒరపిడి, తక్కువ అరుగుదల ఒకటి కావని ఇట్లు ఋజువైనది.

పరిష్కారము మగ్గముల నుండి వచ్చినది. లాంకషైరు నేతమిల్లులలో పండ్లచక్రములకు వాడుచుండిన ఒక ప్లాస్టిక్కును 1962లో ఒక వర్తక ప్రతినిధి ఆసుపత్రికి తెచ్చెను. అది అతి దీర్ఘమైన అణుగొలుసులు గల పాలిఎథిలీను. మన సంచులకును బిందెలకును వాడు ప్లాస్టిక్కులు ఆ కుటుంబములోనివే. చార్న్లీ దానిని అంతగా లెక్కచేయలేదు. కాని అతని సహాయకుడు హారీ క్రేవెన్ దానిని అరుగుదల పరీక్షాయంత్రమునకు ఎక్కించి విడిచెను. యంత్రము రేయింబవళ్లు మూడు వారములు తిరిగినను, టెఫ్లాన్ 24 గంటలలో అరిగినంతయైనను అది అరుగలేదు.

అయినను చార్న్లీ యంత్రమును మాత్రమే నమ్మలేదు. రెండు ప్లాస్టిక్కుల తునకలను తన తొడలోనే పెట్టించుకొని చూచెను. కొన్ని నెలలకు టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టినది. పాలిఎథిలీను ఉన్నచోట చేతికేమియు తగులలేదు. 1962 నవంబరులో అతడు కొత్త గిన్నెలను అమర్చ నారంభించెను. తన రోగులను కొన్నేండ్లు పరీక్షించి చూచిన పిదపనే ఇతర వైద్యులకు విరివిగా అందనిచ్చెను.

పాలిఎథిలీను కూడ బొత్తిగా అరుగనిది కాదు. ఆనాటి గిన్నె ఏడాదికి సుమారు మిల్లీమీటరులో పదవ వంతు అరిగెడిది. ఆ పొడి రేణువులు కంటికి కానరానంత సూక్ష్మములు. రోగక్రిములను మ్రింగు రక్షణకణములు వీనినికూడ మ్రింగును, కాని జీర్ణించుకొనలేవు. అప్పుడవి వెడలించు రసాయనముల వలన చుట్టునున్న ఎముక కరగును, కీలు వదులగును. కీలు విరుగలేదు, అరుగుదలయు స్వల్పమే. అయినను పని చెడినది. 1990 దశాబ్ది చివర వికిరణముతో అణుగొలుసులను ఒకదానితో నొకటి ముడివేసిన పాలిఎథిలీను వచ్చి ఈ అరుగుదలను చాల తగ్గించెను.

నేటి కీలులో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పదార్థము తగియున్నది. ఎముకలో దిగు కాడకు టైటానియము మేలు. అది ఉక్కుకంటె తేలిక, ఎముకతో చక్కగా అతుకును. అది ఉక్కువలె బిరుసు కాదు గనుక ఎముకకును కొంత భారమును పంచును. భారము లేని ఎముక క్షీణించును గదా. కాని టైటానియము ఒరపిడికి ఆగదు. కావున బంతిని కోబాల్టు–క్రోమియము మిశ్రలోహముతోనో, పింగాణి జాతి పదార్థముతోనో చేయుదురు.

మంచి పదార్థమైనను తయారీలో చెడవచ్చును. ఫ్రాన్సులో ఒక సంస్థ జిర్కోనియా బంతులను కాల్చు కొలిమి విధానమును మార్చగా, కొన్ని బంతులు రోగుల శరీరములలో పగిలెను. 2001లో వానిని వెనుకకు తీసికొనిరి. లోహముపై లోహము తిరుగు ఒక రకపు కీలును, అరిగిన లోహము శరీరమునకు హాని చేయుచున్నదని తేలి, 2010లో ప్రపంచమంతట ఉపసంహరించిరి.

ఇట్టి దోషములను పట్టుటకు ప్రయోగశాల ఒక్కటియే చాలదు. స్వీడను దేశము 1979 నుండి తుంటి కీలు మార్పిడుల జాబితాను నడుపుచు వచ్చినది. ఏ కీలు ఎన్నాళ్లకు మార్చవలసివచ్చెనో దానివలన తెలియును. ఇట్టి వివరముల ఆధారమున 2019లో వెలువడిన ఒక పరిశోధన, కృత్రిమ తుంటి కీళ్లలో సుమారు 58 శాతము 25 ఏండ్లు నిలుచునని అంచనా వేసినది.

కనుక ఇంటిలో ఎవరికైనను ఇట్టి చికిత్స అవసరమైనచో, "ఇది కొత్తదా?" అని అడుగుటతో సరిపుచ్చుకొనరాదు. బంతి దేనితో చేసినది, గిన్నె దేనితో చేసినది, ఇదే జత ఎన్నేండ్లుగా ఎందరిలో నిలిచినదని వైద్యుని అడుగవలెను. అమర్చిన కీలు పేరు, సంఖ్య గల చీటిని ఆసుపత్రినుండి తీసికొని భద్రపరుపవలెను. రేపు ఆ రకములో దోషము బయటపడినచో, తనలోనున్నది అదేనా కాదా యని రోగికి తెలియజేయగలది ఆ చీటియే.