పైత్యరసంతో ఎర

పత్తి చేలో వేలాడే లింగాకర్షక బుట్ట గుంటూరు రైతుకు కొత్తేమీ కాదు. ఆడ పురుగు వాసనను రసాయనంగా తయారుచేసి మగ పురుగును రప్పించే ఎత్తు అది. వెన్నెముక ఉన్న ప్రాణి మీద ఇదే ఎత్తు వేయడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ ప్రాణి పేరు సీ లాంప్రే.

దీనికి దవడలుండవు. గుండ్రటి నోటినిండా పళ్లే. చేపను కరుచుకుని, నాలుకతో గీరి రక్తం పీలుస్తుంది. అట్లాంటిక్ నుంచి వచ్చిన ఈ జీవి, ఓడల కాలువ దారి ఇవ్వడంతో ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్‌లో పైకి పైకి పాకి, 1938 నాటికి సుపీరియర్ సరస్సు చేరింది. లేక్ ట్రౌట్ చేపల వేట కుప్పకూలింది. 1950ల చివర్లో మిషిగన్‌లోని హేమండ్ బే కేంద్రంలో వేల రసాయనాలు పరీక్షించి, టీఎఫ్ఎం అనే మందు పట్టుకున్నారు. దాన్ని ఏరుల్లో పోసి లాంప్రే పిల్లల్ని చంపుతారు.

ఆ పిల్లలు ఏటి అడుగు బురదలో కూరుకుని, నీటిలో కొట్టుకొచ్చే నలుసులు తింటూ ఏళ్ల తరబడి గడుపుతాయి. పెద్దవి సాల్మన్‌లా పుట్టిన ఏటికే తిరిగిరావు. పిల్లలున్న ఏరు దొరికితే చాలు, గుడ్లు పెట్టడానికి అటు ఎగబాకుతాయి. అక్కడ పిల్లలు బతుకుతున్నాయంటే తమవీ బతుకుతాయన్న లెక్క. ఆ కబురు మోసుకొచ్చేది పిల్లల పైత్యరసం. అందులోని పెట్రోమైజోనాల్ సల్ఫేట్‌ను 1969లోనే గుర్తించినా, దాన్ని ముక్కుతో ముడిపెట్టిన వారు లేరు. పరిశోధకులు వీమింగ్ లీ, పీటర్ సోరెన్సెన్ పెద్ద లాంప్రే వాసన పొర దగ్గర ఎలక్ట్రోడ్ పెట్టి చూశారు. ఈ రసాయనం లేశమాత్రం తగిలినా విద్యుత్ స్పందన కనిపించింది. 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పదేళ్లకు, పిల్లలు ఉన్న దాదాపు 8,000 లీటర్ల నీటి నుంచి ఇంకా ఘాటైన మరో రసాయనం బయటపడింది. సొరచేపలో దొరికే స్క్వాలమైన్‌కు అది దగ్గరి చుట్టం.

నాకు వీటికన్నా ఆసక్తిగా తోచేది, చూడ్డానికి చప్పగా ఉండే ఇంకో పని. రకరకాల లాంప్రే జాతుల పిల్లల్ని నీటిలో ఉంచి, అవి వదిలిన పైత్యరస ఆమ్లాలను కొలిచి పోల్చడం. వేరువేరు ప్రజాతుల పిల్లలు కూడా అదే పెట్రోమైజోనాల్ సల్ఫేట్‌ను వదులుతున్నాయని తేలింది. అంటే ఈ కబురు ఒక్క జాతి సొత్తు కాదు. బురద, ప్రవాహం, మేత అందరికీ ఒకటే అయినప్పుడు పక్కింటి పిల్లల జాడైనా పనికొస్తుంది. ఎర తయారుచేసేవాళ్లకు మాత్రం ఇది చిక్కే. బతకనివ్వాల్సిన స్థానిక లాంప్రేలూ అదే పసిగడతాయి.

పైగా నదుల్లో ఈ రసాయనాలతో చేసిన కృత్రిమ మిశ్రమం నిజమైన పిల్లల వాసన ముందు తేలిపోయింది. కలిసొచ్చింది మగ లాంప్రే. పెద్దయ్యాక లాంప్రేకు పిత్తాశయమే కరిగిపోతుంది. అయినా వీర్యం సిద్ధమైన మగది దాదాపు అదే అణువును కొంచెం మార్చి మొప్పల గుండా వదిలి ఆడవాటిని పిలుస్తుంది. పిల్లల వాసన మీద ఆడవాటికి ముందే ఉన్న మోజును మగది వాడుకుందని కొందరు పరిశోధకుల ఊహ. 2002లో గుర్తించిన ఆ 3-కీటో పెట్రోమైజోనాల్ సల్ఫేట్‌ను ప్రయోగశాలలో తయారుచేసి వాడితే, ఆడవి బోనుల్లోకి ఈదుకొచ్చాయని 2009లో తేలింది. 2015 చివర్లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీన్ని నమోదు చేసింది. వెన్నెముక గల జీవి ఫెరమోన్ ఒకటి పురుగుమందుల జాబితాకెక్కడం అదే మొదలు. బోనుకు పడే లాంప్రేలు పెరిగాయి గానీ, భారం మోసేది ఇప్పటికీ టీఎఫ్ఎమ్మే.