అండమాన్ నీళ్లకు రథసప్తమే ముహూర్తం

సెలవులు దసరాకి దొరుకుతాయి. సముద్రం మాత్రం మాఘమాసానికి గానీ తేటపడదు. స్కూబా డైవింగ్‌కు బయల్దేరే సిక్కోలు, విజయనగరం వాసులు టికెట్ల కంటే ముందు చూసుకోవాల్సింది గాలివాటం.

సోంపేట, కవిటి, సంతబొమ్మాళి, పూసపాటిరేగ... ఈ తీరంలో ఏ ఊళ్లో కదిపినా అండమాన్‌లో ఎవరో ఒక చుట్టం ఉన్నాడంటారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు యాభై వేల దాకా ఉన్నారు. అంటే అక్కడి జనాభాలో సుమారు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్తే సిక్కోలు యాస చెవిన పడుతుంది. పెద్దలు పని వెతుక్కుంటూ వెళ్లిన ఆ దారినే ఇప్పుడు పిల్లలు నీటి అడుగున పగడాలు చూడ్డానికి వెళ్తున్నారు.

ఊళ్ల పేర్లు మారాయి. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. మారనిది సముద్రం పంచాంగం. మన సెలవుల పంచాంగానికీ దానికీ పొత్తు కుదరదు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూసుకుని, దీపావళిలోగా తిరిగొచ్చేలా ప్రయాణం పెట్టుకునే ఇళ్లు ఎన్నో! డైవింగ్‌కి ఆ రోజులంత నమ్మకం లేనివి మరి ఉండవు.

మన తుపానుల పుట్టిల్లు

ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి కొబ్బరితోటల్ని దెబ్బతీసిన ఫైలిన్ అండమాన్ దీవుల మీదుగా వచ్చిందే. సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్, నాలుగు రోజుల ముందు అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలండ్‌ని దాటింది. 2018 అక్టోబరు 11న ఉద్దానాన్ని నేలమట్టం చేసిన తిత్లీదీ ఆ నెలే. మన తోటలు పడగొట్టే గాలి చాలాసార్లు ముందు ఆ దీవుల్లో పడవల్ని ఆపుతుంది.

నవంబరు దాటితే గండం గడిచినట్టేనా అంటే, అదీ చెప్పలేం. 2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం పట్టి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం, తీరరక్షక దళం ఓడలు వెళ్లి వాళ్లని ఒడ్డుకి చేర్చాయి. ఆ రోజుల్లో డైవింగ్ మాట అటుంచి, దీవి దాటే ఫెర్రీకే దిక్కులేదు.

రెండు గాలుల నడుమ

అండమాన్‌ని ఏడాదంతా రెండు గాలులు పంచుకుంటాయి. నైరుతి రుతుపవనం దేశంలో మొదట తాకేది ఆ దీవుల్నే, మామూలుగా మే మూడో వారంలో. అక్కణ్నుంచి సెప్టెంబరు దాకా వాన, కెరటాలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా కురిసేది సుమారు 3,000 మిల్లీమీటర్లు, మన శ్రీకాకుళం వానకి రెండింతల పైమాట. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలి. వాన తగ్గుతుంది, ఎండ కాస్తుంది, కానీ తూర్పున తెరిచి ఉన్న చోట్ల అల లేస్తుంది. పడవలోనే కడుపులో తిప్పేస్తుంది.

ఈ రెండో గాలి అలిసి, మొదటిది ఇంకా లేవని సందు ఒకటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అరసవల్లిలో రథసప్తమి జరిగే రోజులకి ఆ సందు తెరుచుకుంటుంది, శ్రీరామనవమి దాటేదాకా ఉంటుంది. గాలి లేకపోతే అల లేదు. అల లేకపోతే అడుగునున్న ఇసుక లేవదు. వాన లేకపోతే వాగుల మట్టి కలవదు. మంచి రోజున నీటిలో ఇరవై మీటర్లకి పైగా చూపు ఆనుతుంది. చేపలు ఏడాదంతా ఉంటాయి, వాటిని చూడనిచ్చే నీళ్లు మాత్రం ఈ మూడు నెలలే.

నెల కుదిరాక తిథి కూడా చూసుకోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, నీటి లాగుడూ ఎక్కువే. అష్టమి అటూ ఇటూ లాగుడు తగ్గుతుంది. మన తీరంలో వేటకెళ్లే ప్రతి కుర్రాడికీ తెలిసిన లెక్కే ఇది. మొదటిసారి దిగేవాళ్లకి అష్టమి దగ్గర రోజులు హాయి.

ఏ నెల ఎలా?

అక్టోబరు, నవంబరు: తుపానుల కాలం. వాతావరణం అనుకూలిస్తే మంచి డైవ్‌లే పడతాయి, కానీ చేతిలో ఖాళీ రోజులు ఉన్నవాళ్లకే.

డిసెంబరు, జనవరి: మొదట్లో వాయుగుండాల భయం, చివర్లో కొత్త సంవత్సరం రద్దీ. పెద్దపండగ దాటాక జనం పలచబడతారు, గాలి మాత్రం ఇంకా ఉంటుంది.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్: మేలైన కాలం. పరీక్షల రోజులు కాబట్టి బడి పిల్లలున్న ఇళ్లకి కష్టం, కొత్త జంటలకీ ఉద్యోగులకీ అనువు.

మే: మొదటి పది రోజుల్లో నీరు తేటగానే ఉంటుంది, బాగా వెచ్చబడుతుంది. 2010 వేసవిలో ఈ వేడికే అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. నెల సగమయ్యేసరికి రుతుపవనం తలుపు తడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు: గదులు చవక, సముద్రం మొండి. డైవింగ్ కోసమే అయితే వద్దు.

ప్రభుత్వమూ ఈ పంచాంగాన్నే పాటిస్తుంది. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీబాయ్ దీవిని పొడి కాలంలో తెరుస్తారు, వానాకాలంలో దాన్ని మూసి రెడ్‌స్కిన్ దీవికి పంపిస్తారు.

దిగే ముందు

ఈత రాదని ఆగిపోనక్కర్లేదు. సరదాకి ఒకసారి దిగి చూసే డైవ్‌కి ఈత అవసరం లేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు, 12 మీటర్లకి మించి దింపడు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి. మొదటి మెట్టు సర్టిఫికెట్‌తో 18 మీటర్లు, తర్వాతి మెట్టుతో 30 మీటర్ల దాకా వెళ్లొచ్చు. స్వరాజ్ ద్వీప్‌లో ఒడ్డుకి దగ్గరున్న నెమో రీఫ్ కొత్తవాళ్లది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి లోతైన చోట్లు సర్టిఫికెట్ ఉన్నవాళ్లవి.

జలుబు చేసి ఉంటే ఆ రోజు దిగకండి, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే డాక్టరు కాగితం తప్పదు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, ఒంట్లో చేరిన నత్రజని మెల్లగా బయటపడాలి కాబట్టి. అందుకే చివరి రోజు డైవ్ పెట్టుకోవద్దు. విశాఖ నుంచి వెళ్లే ఓడ రెండు రోజులకి పైగా ప్రయాణం, ఎప్పుడు పడితే అప్పుడు ఉండదు. దాని తేదీ తెలిశాకే మిగతావి అనుకోవాలి.

వేసవి సెలవులే గతి అయితే

పిల్లల సెలవుల్లోనే కదలగలిగినవాళ్లు నెలని కాదు, దీవిని మార్చుకోవాలి. అండమాన్‌కి ఎదురుగా థాయ్‌లాండ్ వైపున్న సిమిలన్ దీవులు కూడా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు, అదే నైరుతి కారణం. భూమధ్యరేఖకి దిగువనున్న బాలిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం అక్కడ. మాల్దీవుల్లో ఇంకో మెలిక ఉంది. నైరుతి రోజుల్లో నీరు కాస్త మసకబారుతుంది, అందుకు కారణమైన సూక్ష్మజీవుల్ని తినడానికే హనిఫారు తీరానికి పెద్ద పెద్ద మంటా చేపలు గుంపులుగా వస్తాయి. తేట నీళ్లు కావాలా, మంటాలు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

బారువ లెక్క

ఇంత దూరం వెళ్లకుండా మన సముద్రంలోనే దిగలేమా? దిగారు కూడా. సోంపేట మండలం బారువ దగ్గర 1917లో మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలాలున్నాయి, విశాఖ డైవర్లు వెళ్లి చూసొచ్చారు. కానీ మహేంద్రతనయ సముద్రంలో కలిసేదీ బారువలోనే. వానలకి ఆ నది మట్టి దింపిందంటే మునివేళ్లు కూడా కనపడవు. అండమాన్‌లో తప్పు నెల ఎంచుకుంటే అందం తగ్గుతుంది, ఇక్కడ ఎంచుకుంటే డైవే ఉండదు.

అలాంటి చోట పర్యాటకం పెట్టాలంటే కావాల్సింది రంగుల బోర్డులు కాదు, నది ఎప్పుడు తేరుకుంటుందో, పోటు ఎటు లాగుతుందో, అడుగున ఎక్కడ వల చిక్కుతుందో తెలిసిన మనుషులు. వాళ్లు తీరంలోనే ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం అమలయ్యే 61 రోజులూ పని లేక ఉంటున్నారు, లేదంటే వలసపోతున్నారు. బారువకి డైవింగ్ వస్తే పడవ నడిపేదీ వాళ్లే, ‘ఈ రోజు వద్దు’ అని చెప్పే అధికారం ఉండాల్సిందీ వాళ్లకే.