పొంగిన అట్టు, మారిన పేరు

మనుష్యులు వలస పోవునపుడు వంటకములును వారి వెంట పోవును. క్రొత్త నేలపై కొన్నింటికి రుచి మారును. కొన్నింటికి రూపము మారును. కొన్నింటికి పేరే మారును. అమెరికాలో ‘జర్మను పాన్‌కేకు’ అనియు, ‘డచ్ బేబీ’ అనియు పిలువబడు అట్టునకు రూపమును మారినది, పేరును మారినది.

జర్మను భాషలో ‘ఫన్నె’ యనగా పెనము. ‘కూఖెన్’ అనగా కేకు. ఈ రెండు మాటలు కలిసి ‘ఫన్‌కూఖెన్’ అయినది. జర్మనీలో పెక్కు ప్రాంతములందు ఈ మాటకు పొయ్యిమీద పెనమున కాల్చిన అట్టు అని అర్థము. బెర్లినులో మాత్రము లోపల పండ్ల జాము నింపి, నూనెలో వేచిన గుండ్రని తీపి రొట్టెను ఆ పేర పిలుతురు. అమెరికా అట్టు ఈ రెండింటివలెను ఉండదు. దీనిని ఓవెనులో కాల్తురు. నలువైపుల వేడిమి సోకి ఇది గోపురమువలె పొంగును.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో సియాటిల్ నగరమందు విక్టర్ మాంకా యనునతని భోజనశాలలో ఈ అట్టు ప్రసిద్ధికెక్కినది. జర్మనులు తమ భాషను ‘డాయిచ్’ అందురు. మాంకా కుమార్తెలలో ఒకతె ఆ మాట పలుకలేక ‘డచ్’ అనెననియు, ఆ పేరే నిలిచిపోయెననియు చెప్పుదురు. ఆ తడబాటు అమెరికాకు క్రొత్తది కాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో పెన్సిల్వేనియా చేరిన జర్మనుల సంతతివారిని నేటికిని ‘పెన్సిల్వేనియా డచ్చివారు’ అనియే పిలుచుచున్నారు. ఆ పేరు సూచించునది హాలెండు దేశమును గాక జర్మను భాషనే.

బాలిక నోట మాట మారిన విన ముచ్చటగా నుండును. పెద్దలు పగబట్టి మాటలు మార్చుట వేరు. 1917లో అమెరికా జర్మనీపై యుద్ధమునకు దిగిన పిమ్మట జర్మను పేరు వినబడుటయే నేరమన్నట్లయ్యెను. పులియబెట్టిన క్యాబేజీకి గల ‘సావర్‌క్రౌట్’ అను జర్మను పేరు తీసివేసి ‘స్వేచ్ఛా క్యాబేజీ’ అనిరి. పెక్కు పాఠశాలలలో జర్మను బోధన నిలిచిపోయెను. ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు పరభాషలు నేర్పరాదని నెబ్రాస్కా రాష్ట్రము 1919లో శాసనము చేసెను. పదేండ్ల బాలునికి జర్మను చదువ నేర్పినందుకు రాబర్ట్ మేయరు అను ఉపాధ్యాయునకు 25 డాలర్ల జుల్మానా పడెను. 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. శాసనము బడిలో పుస్తకమును మూయించగలిగినది గాని, వంటయింట పెనమును దింపించలేకపోయినది.

ఈ అట్టు చేయుట కష్టము కాదు. తొందర మాత్రము పనికిరాదు. పది అంగుళముల వెడల్పుగల బరువైన ఇనుప పెనము కావలెను. దానికి ఎత్తైన అంచును, వేడికి కరగని పిడియు ఉండవలెను. పలుచని పెనము పిండి పోయగానే చల్లబడును. బరువైన ఇనుము వేడిని నిలుపుకొనును. గ్రుడ్లు మూడు, మైదా అరకప్పు, పాలు అరకప్పు, పంచదార ఒక పెద్ద చెంచా, ఉప్పు చిటికెడు చేర్చి ఉండలు లేకుండ గిలకొట్టవలెను. ఈ పిండి దోసె పిండికంటె పలుచగా నుండును. దీనిని పావుగంట నాననీయవలెను. ఈలోగా ఖాళీ పెనమును ఓవెనులోనే యుంచి 220 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగనీయవలెను. కాగిన పెనమున రెండు పెద్ద చెంచాల వెన్న వేసి, అది కరగి నురుగు కట్టగానే, మాడకమునుపే, పిండి పోసి తలుపు మూయవలెను. పదునైదు నిమిషములవరకు తలుపు తెరువరాదు. సుమారు ఇరువది నిమిషములకు అంచులు పెనము దాటి పైకి లేచి బంగారు వన్నె తేలును. నడుమ భాగము మెత్తగా నుండును. పిండిలో ఆపిలు ముక్కలు చేర్చుటయు జర్మను వంటలలో కలదు.

ఇందు వంటసోడా లేదు, ఈస్టు లేదు. మరి పొంగించునది ఏది? విద్యార్థులు పూరీని తలచుకొనిన చాలును. కాగిన నూనెలో పడగానే పూరీలోని తేమ ఆవిరియై పొరను పైకి నెట్టును. ఇక్కడ జరుగునదియు అదియే. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,700 రెట్లు చోటును ఆక్రమించును. పాలలోను, గ్రుడ్లలోను గల నీరు ఇట్లు ఆవిరియగును. గ్రుడ్డులోని మాంసకృత్తులును, పిండిలోని జిగురును సాగి ఆ ఆవిరిని పట్టియుంచి, పిదప వేడికి గట్టిపడి గోడలగును. గోడలు గట్టిపడకమునుపే తలుపు తెరచినచో చల్లగాలి సోకి అట్టు క్రుంగిపోవును. ఇంగ్లండులో యార్క్‌షైర్ పుడ్డింగు పొంగుటయు ఈ సూత్రముననే.

ఓవెను వెలుపలికి వచ్చిన రెండు మూడు నిమిషములలో ఆవిరి చల్లారి, గోపురము దిగి, అట్టు లోతైన పళ్లెమువలె అగును. క్రొత్తగా చేయువారు తమ చేతిలో ఏదో లోపమున్నదని చిన్నబుచ్చుకొందురు. ఎంత నేర్పరి చేసినను అది అట్లే దిగును. ఆ గుంటలోనే నిమ్మరసము పిండి, పంచదార పొడి చల్లి, వేడివేడిగా కోసి పంచిపెట్టుదురు. ఈ అట్టు ఎవరికొరకును వేచియుండదు. ఇంటిల్లిపాదియు దాని కొరకు బల్లచుట్టు చేరి వేచియుండవలసినదే.

ఆ కొద్ది నిమిషములలో పిల్లలెవరైన, “ఇది జర్మనులదైనపుడు డచ్ అననేల?” అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిన పెద్దలు సముద్రము దాటి వచ్చిన వలసజనమును గూర్చియు, నోరు తిరుగని ఒక బాలికను గూర్చియు చెప్పవలెను. ఒక బాలునికి చదువు చెప్పినందుకు జుల్మానా విధింపబడిన ఆ ఉపాధ్యాయుని గూర్చియు చెప్పవలెను.