మీకు తెలుసా? కాపురం నేలపట్టులో, మేత పులికాట్‌లో!

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులో నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లున్నాయి. వానలకు చెరువు నిండిందంటే గూడబాతులు వచ్చి ఆ కొమ్మల మీదే పుల్లలతో గూళ్లు కడతాయి. మేతకు మాత్రం సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్ సరస్సుకు ఎగిరిపోతాయి. తిరిగొచ్చి తల్లో తండ్రో నోరు తెరిస్తే చాలు, పిల్ల తన తలంతా ఆ ముక్కు సంచిలోకి దూర్చి చేపలు తినేస్తుంది. బైనాక్యులర్స్‌లో చూసి తీరాల్సిన దృశ్యమిది! రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే రైతులకూ ఈ పక్షులంటే అంత మక్కువ. 1976లో నేలపట్టును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లి చూడండి. గూళ్ల దగ్గర మాత్రం చప్పుడు చేయకండి. పెద్దవి బెదిరి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి.