పొట్టిముక్కు రివాల్వరు



తెలుగు చలనచిత్రమున నాయకుడు కోటు లోపలినుండి చటుక్కున తీయు చిన్న తుపాకిని మీరందరును చూచియేయుందురు. 1966లో కృష్ణ నటించిన "గూఢచారి 116" మొదలుకొని అది మన తెరమీద నిలుకడగా కాపురము చేయుచున్నది. ఆ చిత్రములకు నెలవైన ఫిలిం నగరులో నటుల చేతికిచ్చునవి చాలవరకు ఉత్త బొమ్మలు. దాని పొరుగున జూబిలీ హిల్సు గుట్టలమీద మేడలు కట్టుకొన్నవారిలో నిజమైనవానికి లైసెన్సు పొందినవారును కలరు. బొమ్మను చూచి నిజమైన దానిని తెలిసికొంటిమని తలచుటలో గల ప్రమాదమే నేటి నా ప్రసంగ విషయము.

తుపాకి యను మాట తురుష్కభాషనుండి మనకు వచ్చినది. మన శుక్రనీతిలో నాళికాస్త్రములు బృహత్తనియు క్షుద్రమనియు రెండు తెగలుగా చెప్పబడినవి. ఆ భాగము ప్రాచీనమా, తరువాత చొప్పింపబడినదా యను వివాదము పండితులలో నున్నది. దానిలోనికి నేను దిగను. క్షుద్రమనగా చిన్నది. నీచమైనదను అర్థమును కలదు.

రివాల్వరు అను పేరు అది చేయు పనినిబట్టి కలిగినది. నాళము వెనుక అయిదారు గదులుగల సిలిండరు ఉండును. మీట నొక్కగా అది ఒక గది మేర తిరుగును, వెనుకనున్న సుత్తి లేచి పడును, తూటా అడుగుననున్న మందుబిళ్ళ మండును. ఈ యంత్రమునే నాళము కుదించి జేబులో పట్టునట్లు చేసినది పొట్టిముక్కు రివాల్వరు. ఇంగ్లండులో వెబ్లీవారి "బుల్ డాగ్" 1872లో వెలువడినది. అమెరికాలో కోల్టు సంస్థవారు 1927లో "డిటెక్టివ్ స్పెషల్" తెచ్చిరి. దాని నాళము రెండంగుళములు, తూటాలారు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ వారి "చీఫ్స్ స్పెషల్" వచ్చినది, అందులో తూటాలైదే. సేకరించువారు మిక్కిలి మోజుపడునవి ఇవియే.

పొట్టిగా నుండుట దాచుకొనుటకు సుఖము, కొట్టుటకు కష్టము. దీనికి చిన్న లెక్క చాలును. గురి చూచుటకు ముందొక మొన, వెనుకనొక గాడి యుండును. వాని మధ్య దూరము పది సెంటీమీటర్లనుకొనుడు. చేయి వణకి మొన ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, పది మీటర్ల దూరమున గుండు పది సెంటీమీటర్లు తప్పును. ఆ మధ్యదూరము ఇరువది సెంటీమీటర్లైనచో తప్పు సగమగును. తెరమీది నాయకుడు పరుగెత్తుచు మేడమీదివానిని ఒక్క దెబ్బకు పడగొట్టుట రచయిత దయయే కాని తుపాకి గొప్పతనము కాదు.

అంతకంటె ముఖ్యమైనది సుత్తి సంగతి. పాతకాలపు రివాల్వర్లనేకములలో సుత్తి మొన నిండుతూటా మందుబిళ్ళకు ఆనుకొనియే యుండును. అట్టిది చేజారి సుత్తిమీద పడెనా, మీట నెవరును ముట్టకయే పేలును. ఈ దోషము తీర్చుటకు కోల్టువారు 1905లో సుత్తికి తూటాకు నడుమ ఒక అడ్డుబిళ్ళను ఏర్పరచిరి. 1944లో క్రిందపడిన రివాల్వరు పేలి అమెరికా నావికుడొకడు మరణించిన పిదప స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ అడ్డుబిళ్ళను మార్చి బలపరచిరి. అంతకు ముందటివాని విషయమున పెద్దలు పాటించిన ఉపాయమొక్కటే: సుత్తి క్రింది గదిని ఖాళీగా వదలుట. ఆరింటికి అయిదే నింపుకొనవలె.

ఇది పుస్తకములలోని మాట కాదు. 2024 అక్టోబరు 1వ తేదీ తెల్లవారుజామున బొంబాయిలో హిందీ నటుడు గోవిందా ప్రయాణమునకు సిద్ధమగుచు, లైసెన్సుగల తన రివాల్వరును బీరువాలో పెట్టబోగా అది జారిపడి పేలి కాలికి గాయమైనదని ఆయనయే చెప్పెను. మన జూబిలీ హిల్సులోను 2004 జూన్ 3వ తేదీ రాత్రి ఒక ప్రముఖ నటుని యింట తుపాకి పేలి ఇద్దరు గాయపడిరి. ఆ వ్యవహారముతో నాకు పనిలేదు. నిండుతుపాకి ఇంటిలోనున్నచో దొంగకంటె ముందు దాని యెదుట పడువారు ఇంటివారును అతిథులును అన్నంతవరకే నా మాట.

ఇక సేకరణ. పైన చెప్పిన అమెరికా రివాల్వర్లు పెక్కులు .38 బోరువి. ఆ బోరు మన దేశమున నిషిద్ధవర్గములోనిది; కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప పౌరునికి దొరకదు. సామాన్య లైసెన్సుదారునికి లభించునది .32 బోరు. కాన్పూరులో ప్రభుత్వ కర్మాగారమువారు 2014లో స్త్రీల కొరకని వెలువరించిన "నిర్భీక్" కూడ ఆ బోరుదే, బరువు అరకిలో. 2019 సవరణ చట్టము ఒక్కొక్కరికి అంతకుముందున్న మూడు ఆయుధములను రెండింటికి తగ్గించినది. పెండ్లిలో వేడుకకు కాల్చి ఒరుల ప్రాణమునకు ముప్పు తెచ్చువానికి రెండేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధించినది. తాతగారి తుపాకిని వదలుకొనవలసి వచ్చెనని కొందరు నొచ్చుకొనిరి. వారి బాధ నాకర్థము కాకపోలేదు. కాని నిజమైన సేకర్తకు పేలుటతో పనియేమి? సాలార్ జంగు మ్యూజియమునకు పోయి అచ్చటి ఆయుధములను చూడుడు. వాని పనితనము చూచి ఆనందించుటకు ఒక్క తూటాయు అక్కరలేదు.

మరమ్మతు చేసినను పేలుటకు వీలులేని ప్రాతకాలపు ఆయుధమునకు 1959 నాటి ఆయుధచట్టము వర్తింపదు. అయితే వీలులేదని ఇంటి యజమాని చెప్పిన మాత్రమున తేలదు. తాతగారి పెట్టెలో అట్టిది కనబడినచో సుత్తినెత్తి చూడక, పిల్లలకు చూపక, ఠాణాకు కబురంపుడు.